వెన్ను వంకర, గబ్బిలాల జబ్బులు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కనగిరి వైపు తెలుగు ఇళ్లలో పిల్లల వెన్ను గురించి మాట మొదలైతే కాసేపటికి అది గబ్బిలం దగ్గరికి వచ్చి ఆగుతుంది. వైద్యం ప్రకారం ఈ రెండింటికీ సంబంధం లేదు. ఫిజియోథెరపీకి వచ్చే తల్లిదండ్రులు మాత్రం రెండూ కలిపే అడుగుతారు కాబట్టి జవాబులు కూడా ఒకే చోట పెట్టాను.

పొద్దుగూకే వేళ పాప మీద నుంచి గబ్బిలం ఎగిరింది. పక్షి దోషం తగిలి వెన్ను వంగిందంటున్నారు. నిజమేనా?

కాదు. పుట్టుకతో వచ్చే వంకరనే తీసుకోండి. వెన్నుపూసలు గర్భంలో నాలుగో వారం నుంచి ఆరో వారం లోపు తయారవుతాయి. అప్పటికి తల్లికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. ఆ సమయంలో ఒక పూస సగమే ఏర్పడినా, రెండు పూసలు విడిపోకుండా అతుక్కుపోయినా బిడ్డ పెరిగేకొద్దీ వెన్ను ఒక పక్కకు వాలుతుంది. నీడ పడటానికి బిడ్డ అప్పటికింకా బయటికే రాలేదు.

పెద్దపిల్లల్లో వచ్చే వంకర వేరు. అది పదేళ్ల తర్వాత, ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో బయటపడుతుంది. నిన్నటిదాకా బాగున్న పిల్లకి జడ వేస్తుంటే ఒక భుజం ఎత్తుగా కనిపిస్తుంది. ఏం జరిగిందా అని వెనక్కి వెతుక్కుంటే, పెరట్లో జామచెట్టు మీద వాలిన గబ్బిలం గుర్తొస్తుంది.

దిష్టి తీయించుకోవద్దని నేనెవరికీ చెప్పను. ఎర్రనీళ్లు తిప్పి పోయడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత ఆసుపత్రికి బయల్దేరవచ్చు. తొమ్మిది వారాలు వరసగా రమ్మనేవాళ్లతోనే చిక్కు. ఎదిగే పిల్ల వెన్నుకి ఆ వారాలు చాలా విలువైనవి.

మరి వెన్ను ఎందుకు వంగుతుంది?

వెన్ను పక్కకు వంగి, మెలి తిరగడాన్ని స్కోలియోసిస్ అంటారు. వీటిలో దాదాపు 80 శాతం కేసుల్లో ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేరు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో కొద్దో గొప్పో ఉంటుంది. చిన్న వంకరలు ఆడా మగా ఇద్దరిలోనూ కనిపిస్తాయి గానీ, ముదిరేది ఎక్కువగా ఆడపిల్లల్లోనే.

మిగతా కేసుల్లో కారణం దొరుకుతుంది. పుట్టుకతో వచ్చే పూసల లోపం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే జబ్బు), కండరాలు క్షీణించే జబ్బులు, ఒకప్పుడైతే పోలియో. పుట్టుకతో లోపం ఉన్న పిల్లలకి కిడ్నీ, గుండె కూడా స్కాన్ చేయించాలి, ఎందుకంటే అవి కూడా ఆ వారాల్లోనే తయారవుతాయి. వెన్ను పక్కకు కాకుండా ముందుకు వంగి గూని తేలితే మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది టీబీని. దాని సంగతి కింద విడిగా రాశాను.

స్కూల్ బ్యాగ్ బరువు వల్ల, ఫోన్ పట్టుకుని వంగి కూర్చోవడం వల్ల వస్తుందా?

నడుం నొప్పి రావచ్చు, స్కోలియోసిస్ రాదు. బ్యాగ్ తేలిక చేయండి, మంచిదే. "ఎప్పుడూ వంకరగా కూర్చుంటావు, అందుకే ఇలా అయింది" అని పిల్లని తిట్టకండి. తప్పు ఆ పిల్లది కాదు.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

వెలుతురున్న చోట పిల్లని మీకు వీపు పెట్టి నిలబెట్టండి. వీపు కనిపించాలి కాబట్టి ఆడపిల్లయితే తల్లో అమ్మమ్మో చూడటం మేలు. పాదాలు దగ్గరగా, మోకాళ్లు మడవకుండా, రెండు అరచేతులూ జోడించి నెమ్మదిగా ముందుకు వంగమనండి. మీ కళ్లు పిల్ల వీపు ఎత్తుకి వచ్చేలా కూర్చుని చూడండి. ఒక వైపు పక్కటెముకలు రెండో వైపు కన్నా గుట్టలా పైకి లేచి ఉన్నాయా? నడుం దగ్గర ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క గుంటగా ఉందా? నిటారుగా నిలబడినప్పుడు దాగిపోయే వంకర ఇలా వంగినప్పుడు దొరికిపోతుంది. విలియం ఆడమ్స్ అనే డాక్టరు 1865లో చెప్పిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ముందు చేసేది ఇదే.

పదేళ్లు దాటిన పిల్లలకి ఎదుగుదల ఆగేదాకా ఆరు నెలలకోసారి చూస్తే చాలు. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం ఏడాదికోసారి పిల్లల్ని పరీక్షిస్తుంది. మీ అనుమానం వాళ్లకి ముందే చెబితే ప్రత్యేకంగా చూస్తారు.

ఎక్స్‌రే తీసి 28 డిగ్రీలన్నారు. ఎక్కువా, తక్కువా?

ఎక్స్‌రే మీద గీతలు గీసి కొలిచే ఆ కోణాన్ని కాబ్ కోణం అంటారు. 10 డిగ్రీల లోపైతే దాన్ని స్కోలియోసిస్ అనరు. 25 దాకా నాలుగైదు నెలలకోసారి చూస్తూ ఉంటారు. 25 నుంచి 40 మధ్య ఉండి పిల్ల ఇంకా పెరుగుతుంటే బెల్టు (వంకర ముదరకుండా ఒంటికి బిగించే గట్టి బ్రేస్) వేస్తారు. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది.

అంటే 28కి అర్థం వయసుని బట్టి మారుతుంది. పెద్దమనిషి కాని పదకొండేళ్ల పిల్లకి అది తొందరపడాల్సిన అంకె. పదిహేడేళ్ల అబ్బాయికైతే దాదాపు ఆగిపోయిన అంకె. ఇంకో మాట: అదే ఫిల్ముని ఇద్దరు డాక్టర్లు కొలిస్తే ఐదు డిగ్రీల దాకా తేడా రావచ్చు. 28 కాస్తా 31 అయిందని రాత్రంతా టెన్షన్ పడకండి. పాత ఫిల్ము, కొత్త ఫిల్ము ఒకరితోనే కొలిపించండి.

బెల్టు నిజంగా పని చేస్తుందా? మే నెల ఎండల్లో పిల్ల అల్లాడిపోతోంది.

చాలా ఏళ్లు దీని మీద డాక్టర్లలోనే వాదన నడిచింది. అమెరికా, కెనడాల్లోని 25 ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2013లో వెలువడ్డాక చాలావరకు తేలింది. 10 నుంచి 15 ఏళ్ల మధ్య, ఇంకా పెరుగుతున్న పిల్లల్నే తీసుకున్నారు. ఎదుగుదల పూర్తయ్యేసరికి వంకర 50 డిగ్రీలకు చేరకుండా ఆగినవాళ్లు బెల్టు వేసుకున్నవాళ్లలో 72 శాతం, వేసుకోనివాళ్లలో 48 శాతం. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, అనుకున్న గడువు కన్నా ముందే అధ్యయనం ఆపేశారు.

ఇందులో నాకు నచ్చిన భాగం వేరే ఉంది. పిల్లలు ఎన్ని గంటలు వేసుకున్నారో వాళ్ల మాట మీద వదిలేయకుండా, బెల్టులో ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్ పెట్టారు. రోజుకి సుమారు 13 గంటలకు మించి వేసుకున్నవాళ్లలో 90 శాతం పైగా గట్టెక్కారు. గూట్లో పెట్టిన బెల్టు ఎవరికీ పని చేయలేదు. వేసుకోనివాళ్లలోనూ 48 శాతం మందికి ముదరలేదు కాబట్టి, మీ పిల్లకి అవసరమా లేదా అని డాక్టరుని గట్టిగా అడగడం తప్పేం కాదు.

ఎండ సంగతి: లోపల కుట్లు లేని, ఒంటికి అతుక్కునే నూలు బనియను వేసి, ముడతలు లేకుండా కిందికి లాగాలి. చెమట పట్టగానే బనియను మార్చాలి. మన దగ్గర రెండు బనియన్లు సరిపోవు, నాలుగు కొనండి. సాయంత్రం ఆట, స్నానం వేళల్లో తీసేసి, రాత్రంతా, బడి గంటల్లో వేస్తే లెక్క సరిపోతుంది. బెల్టు తీసిన అరగంటకి కూడా ఎరుపు పోకపోతే అది నొక్కుతోందని అర్థం. తయారు చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి సరిచేయించుకోవాలి. మీరు కత్తితో చెక్కకండి.

గబ్బిలం నూనె రాస్తే వెన్ను సాగుతుందని కొండమీద ఇచ్చారు. రాయొచ్చా?

వద్దు. నూనె ఏదైనా చర్మం దాటి పూసని తిప్పలేదు. మర్దన హాయిగా ఉంటుంది, అంతవరకే, దానికి నువ్వుల నూనె చాలు. గబ్బిలాన్ని పట్టి, కోసి, కొవ్వు కరిగించేవాళ్లకి మాత్రం నిజమైన ప్రమాదం ఉంది. దాని రక్తం, లాలాజలం, మూత్రం చేతి గాయాలకి తగులుతాయి. ఉబ్బసానికని గబ్బిలం మాంసం పెట్టడం కూడా అంతే. వెన్నుకి, గబ్బిలానికి నిజంగా ఏదైనా లంకె ఉందంటే, ఈ వైద్యం కల్పించినదే.

అబ్బాయికి వీపు మధ్యలో ఎముక పొడుచుకొచ్చింది. సాయంత్రం జ్వరం. గూని అంటున్నారు.

ఆలస్యం చేయకండి. వెన్నుపూస టీబీ అయ్యుండొచ్చు. ఒక చిన్న పరీక్ష చెబుతాను. పిల్లాడి ముందు రూపాయి బిళ్ల వేసి తీసివ్వమనండి. బాగున్న పిల్లాడు నడుం వంచి టక్కున తీస్తాడు. వెన్నులో టీబీ ఉన్నవాడు వీపు కర్రలా నిటారుగా ఉంచి, మోకాళ్లు మడిచి కిందికి కూర్చుని, ఒక చెయ్యి తొడ మీద ఆన్చి తీస్తాడు. నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం, బరువు తగ్గడం, ఒకే చోట నొక్కితే నొప్పి... ఇవి కూడా గుర్తులే. కాళ్లు తడబడుతున్నా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి.

టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలైతే, మన దేశంలో వెన్నుకి కనీసం ఏడాది వాడమంటారు. మూడో నెలకే నొప్పి పోతుంది. సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తారు.

ఈ విషయంలో ప్రపంచానికి పాఠం నేర్పిన పరిశోధన మన పక్కనే, తమిళనాడులో జరిగింది. డాక్టర్ ఎస్. రాజశేఖరన్ వెన్ను టీబీ వచ్చిన పిల్లల్ని 15 ఏళ్ల పాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించారు. పెద్దవాళ్లలో జబ్బు నయమయ్యాక గూని ఉన్నచోటే ఉండిపోతుంది. పిల్లల్లో అలా కాదు. జబ్బు పూర్తిగా నయమైనా, ఎదుగుతున్న కొద్దీ కొందరికి గూని పెరుగుతూ పోతుంది, ఇంకొందరికి తనంతట తనే సర్దుకుంటుంది. ఎవరికి పెరుగుతుందో ముందే పసిగట్టడానికి ఎక్స్‌రేలో చూడాల్సిన నాలుగు గుర్తులు కూడా ఆయన చెప్పారు. అందుకే, మందుల కోర్సు అయిపోయిందని కార్డు మూసేసినా, పిల్లాడి పొడుగు ఆగేదాకా ఏటా ఒకసారి ఎక్స్‌రేతో చూపించండి.

ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయా? పెళ్లి, పిల్లలు?

మామూలు కౌమార స్కోలియోసిస్ ఆపరేషన్లో నరాలకి దెబ్బ తగిలే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువే. ఆపరేషన్ జరుగుతుండగానే నరాల సంకేతాలు మెషిన్ మీద చూస్తారు. మీరు వెళ్లే చోట ఆ మెషిన్ ఉందో లేదో అడగండి. పుట్టుకతో వచ్చిన పెద్ద వంకరలకి, టీబీ గూనికి ప్రమాదం ఇంతకన్నా ఎక్కువ, ఆ లెక్క డాక్టరే చెప్పాలి. ఆపరేషన్లో వెన్నుకి కడ్డీలు బిగిస్తారు. బిగించిన మేరకు వెన్ను ఇక పెరగదు కాబట్టి, చిన్నపిల్లలకి సాగే కడ్డీలు వేస్తారు.

పెళ్లి గురించి అమ్మాయి ముందే మాట్లాడుకుంటారు, అది మానేస్తే బాగుంటుంది. అమెరికాలోని అయోవాలో, ఏ వైద్యమూ చేయించుకోని స్కోలియోసిస్ మనుషుల్ని 50 ఏళ్లు గమనించి 2003లో ప్రచురించారు. నడుం నొప్పి కాస్త ఎక్కువ, పెద్ద వంకరలున్నవాళ్లకి ఆయాసం. అంతకుమించి ఉద్యోగాలు, కాపురాలు అందరిలాగే సాగాయి. స్కోలియోసిస్ ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి కాన్పు మామూలుగానే అవుతుంది.

కారణం కనిపెట్టే పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది?

సరదా కథ ఇది. 1959లో కోడిపిల్లలకి మెదడులోని పీనియల్ గ్రంథి తీసేస్తే వెన్ను వంగింది. ఆ గ్రంథి నుంచి వచ్చేది మెలటోనిన్, నిద్ర హార్మోను. ఇంకేం, దొరికిందనుకున్నారు. కోతుల్లో అదే చేస్తే వెన్ను వంగలేదు. కోడి రెండు కాళ్ల మీద నిలబడుతుంది కాబట్టి అలా అయిందా అన్నది ఇప్పటికీ చర్చే. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఎల్‌బీఎక్స్1 అనే జన్యువు దగ్గర తేడా పట్టుకున్నారు. 2016లో జీబ్రా చేపల్లో వెన్నుద్రవం పారుదల దెబ్బతింటే వెన్ను వంకర తిరుగుతుందని చూపించారు. ఇవేవీ ఇంకా మందుబిళ్ల దాకా రాలేదు. "జీన్ టెస్టు చేసి ముందే చెప్పేస్తాం" అనేవాళ్లకి డబ్బు కట్టకండి.

మా పిల్లని స్టడీలో చేర్చుకుంటామంటున్నారు. సంతకం పెట్టాలా?

ముందు చదివించుకోండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలి. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒడియా కాగితం చదవలేకపోతే తెలుగులో ఇవ్వమని అడగడం మీ హక్కు. మందులు, పరికరాలు ప్రయోగించే ట్రయల్ అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడగండి. మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగకూడదు.

నిపా (గబ్బిలాల నుంచి మనుషులకి సోకే వైరస్ జబ్బు) మన దగ్గర ఉందా?

దేశంలో మనుషులకి సోకినట్టు నమోదైన కేసులు పశ్చిమ బెంగాల్, కేరళల్లోనివే. 2001లో సిలిగురిలో 66 మందికి వచ్చి 45 మంది పోయారు. 2018లో కోజికోడ్ వైపు 17 మంది పోయారు. వైరస్‌ని మోసేది మన చింతచెట్ల మీద, మర్రిచెట్ల మీద వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం. ఆ జాతి ఇక్కడా ఉంది. జాతి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కానీ జాగ్రత్త ఉండాలి. దీనికి ఆమోదం పొందిన టీకా లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2024 జనవరిలో ఒక టీకాని మనుషుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు.

పొద్దున్నే దింపిన ఈత కల్లు, జీలుగు కల్లు తాగొచ్చా?

బంగ్లాదేశ్ పరిశోధకులు రాత్రిపూట ఈతచెట్లకి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు కట్టి చూశారు. గబ్బిలాలు వచ్చి, గీసిన చోట కారే నీరా నాకి, లొట్టిలోకే మూత్రం పోసి వెళ్తున్నాయి. పచ్చి నీరా తాగినవాళ్లకే అక్కడ నిపా ఎక్కువగా వచ్చింది. గీత మీద, లొట్టి మూతి మీద వెదురు తడిక కడితే గబ్బిలాలు దగ్గరికి రాలేకపోయాయని కూడా వాళ్లే చూపించారు. మన గీతకార్మికులకి ఇది కష్టమేం కాదు. తాటాకు మట్టతోనో, పాత వలతోనో కప్పేవాళ్లు ఇప్పటికే ఉన్నారు.

పులిస్తే వైరస్ చస్తుందన్న ధీమా వద్దు. పులిసిన ఈత కల్లుతో కూడా సోకిన సందర్భాలు బంగ్లాదేశ్‌లో బయటపడ్డాయి. మరిగించి చేసిన ఈత బెల్లం, తాటి బెల్లంతో భయం లేదు. పిల్లలకి పచ్చి నీరా బలమని పట్టడం మానేయండి.

గబ్బిలం కొరికిన జామపండు?

పారేయండి. కొరికిన మేర కోసి మిగతాది తినొద్దు. గాటు లేని పండు కడిగి, తొక్క తీసి తినండి.

రాత్రి గబ్బిలం ఇంట్లో దూరి పిల్లాడిని గీరింది.

సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పావుగంట కడగండి. పసుపు, సున్నం పెట్టొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మన దేశంలో రేబిస్ దాదాపు అంతా కుక్కల నుంచే వస్తుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ గబ్బిలం కాటుని, గీరుని అత్యంత ప్రమాదకరమైన మూడో తరగతిలో పెట్టింది. అంటే టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అక్కడే అడ్డుకునే మందు) కూడా వేయాలి. గాటు చిన్నదని నర్సు తేలిగ్గా తీసుకుంటే, గీరింది గబ్బిలమని గట్టిగా చెప్పండి.

2016లో మల్కనగిరిలో పిల్లలు చనిపోయింది గబ్బిలాల వల్లేనా?

కాదు. వందమందికి పైగా పిల్లలు పోయారు. మొదట జపనీస్ మెదడువాపు అన్నారు. అది దోమల ద్వారా వస్తుంది, పందుల్లో పెరుగుతుంది. తర్వాత వచ్చిన నిపుణుల బృందం చాలా మరణాల వెనక కసింద గింజల విషం ఉందని చెప్పింది. ఒడియాలో బాణా చకుండా అంటారే, అదే మొక్క. చేల గట్ల మీద, ఇళ్ల చుట్టూ మొలుస్తుంది, ఆకలేసిన పిల్లలు పచ్చికాయలు నమిలేస్తారు. మహారాష్ట్రలో నాగపూర్ దగ్గరి ఊరి పేరుతో ఉన్న చాందిపురా వైరస్ కూడా గబ్బిలాలది కాదు, ఇసుక ఈగలది. జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లకి ఆ జబ్బు దేనివల్ల వచ్చిందో తేల్చడం మీ పని కాదు. వెంటనే తీసుకెళ్లడమే మీ పని.

ఊరి మర్రిచెట్టు నిండా గబ్బిలాలే. కొట్టేయించమంటారా?

వద్దు. ఆస్ట్రేలియాలో హెండ్రా అనే, నిపాకి దగ్గరి చుట్టమైన వైరస్ మీద 2022లో వచ్చిన పరిశోధన ఏం చెప్పిందంటే, అడవి తగ్గి తిండి దొరకనప్పుడే గబ్బిలాలు ఊళ్లలోకి చేరి జబ్బు వెదజల్లుతున్నాయి. చెట్టు కొడితే అవి చచ్చిపోవు, నాలుగు ఊళ్లకి చెదురుతాయి. చెట్టు కింద బావికి మూత వేయండి, పశువుల తొట్టె పక్కకు జరపండి, పిల్లల్ని అక్కడ రాలిన పళ్లు ఏరనివ్వకండి. పాత చట్టంలో పండ్ల గబ్బిలాలు చీడజీవుల జాబితాలో ఉండేవి. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు.

ఎవరో వలలు కట్టి గబ్బిలాల్ని పట్టుకుంటున్నారు. ఎందుకు?

పుణె వైరాలజీ సంస్థ లాంటివాళ్లు సన్నని వలలతో పట్టి, గొంతు, మలద్వారం దగ్గర దూదిపుల్లతో నమూనా తీసి చూస్తారు. 2020లో మహాబలేశ్వర్ గుహలో పట్టిన గబ్బిలాల్లో నిపా యాంటీబాడీలు (వైరస్ సోకిందని ఒంట్లో మిగిలే గుర్తులు) దొరికింది అలాగే. దూరం నుంచి చూడండి, సాయం పట్టడానికి చేతులు పెట్టకండి.

వెన్నుకి ఎక్కడ చూపించాలి?

ముందు జిల్లా ఆసుపత్రి ఎముకల విభాగం. అక్కణ్నుంచి బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ మెడికల్ కాలేజీ, లేదా భువనేశ్వర్ ఎయిమ్స్. బెల్టులకి, పోలియో, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్రప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. పాతపట్నం దాటితే విశాఖ కేజీహెచ్ దగ్గరే అనిపిస్తుంది, భాష కూడా సుఖం. అయితే ఒడిశా రేషన్ కార్డు ఉన్నవాళ్లకి ఆంధ్ర ఆరోగ్య పథకం వర్తించదు, ఆయుష్మాన్ కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ తేదీల వరసలో పట్టుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ఫిల్ము కావాలి. దాన్ని మడిచి సంచిలో కుక్కకండి, గీత పడితే కోణం కొలవడం కష్టం. ఆడపిల్లయితే పెద్దమనిషైన నెల, పిల్లలెవరికైనా గత ఏడాదిలో ఎంత పొడుగు పెరిగారన్నది రాసుకెళ్లండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు అవే.